కంటికి దెబ్బ తగిలితే రేపటిదాకా ఆగొద్దు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం నాయకురాలి ప్రసంగం)



పొదుపు గురించో, లోను రికవరీ గురించో మాట్లాడమంటే కాగితం లేకుండా చెప్పేదాన్ని. కన్ను గురించి చెప్పమన్నారు, అందుకని రాసుకొచ్చా. పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకొచ్చా. కుడి కన్ను మూసుకుంటే మీరంతా నాకు మంచులో కూర్చున్నట్టు కనపడతారు. ముందు వరసలో ఎవరిది ఎర్ర చీరో, ఎవరిది పచ్చ చీరో తెలుస్తుంది గానీ ముఖాలు తెలియవు. నా ఎడమ కంట్లో పువ్వు పడింది. అది ఎలా పడిందో, పడకుండా ఎక్కడ ఆపొచ్చో చెప్పడానికే వచ్చాను.

రెండేళ్ల కిందట వానాకాలం వరి కోతలప్పుడు జరిగింది. మాది ఖమ్మం జిల్లా, మీకు తెలుసు కదా, ఇప్పుడు కోతంతా మిషనే కోస్తుంది. కానీ మిషన్ తిరగని మూలలు, గట్టు పక్కన పడిపోయిన వరి మనమే కొడవలితో కోయాలి. వంగి గుప్పెడు పట్టుకున్నా, ఒక ఆకు చివర ఎగిరి వచ్చి కంట్లో కొట్టింది. చురుక్కుమన్నది. కొంగుతో గట్టిగా రుద్దాను. నీళ్లు కారినయి. కాసేపు గట్టు మీద కూర్చొని, మళ్లీ లేచి కోశాను. ఇంకా రెండు మూలలే ఉన్నాయి, అవి వదిలేసి ఎవరు పోతారు చెప్పండి?

సాయంత్రానికి ఇసుక పోసినట్టు గరగర. మా అత్తమ్మ పక్కింటికి కాన్పుకు వచ్చిన పిల్ల దగ్గర చనుబాలు పిండించుకొచ్చి కంట్లో వేసింది. ఆమెను నేను తప్పు పట్టను, వాళ్ల అమ్మ ఆమెకు అలాగే చేసింది. మన ఊళ్లలో ఒకరు ఆముదం అంటారు, ఒకరు నందివర్ధనం పూల రసం అంటారు, ఒకరు నాలుకతో నలక తీస్తారు. డాక్టరు తర్వాత నాకు చెప్పింది ఒక్కటే. గీరుకుపోయిన కన్ను అంటే తోలు లేచిన పుండు లాంటిది, అందులో ఏది వేసినా దానితో పాటు క్రిములు కూడా పోతాయి.

రెండో రోజు మాకు బ్యాంకు లింకేజీ. పది మంది సభ్యులకు లోను రావాలంటే లీడర్లం ఇద్దరం పోయి సంతకాలు పెట్టాలి. కన్ను మూసుకునే పోయాను. మేనేజరు గారు కూడా అడిగారు, ఏమ్మా కంటికి ఏమైందని. నలక పడింది సార్ అన్నాను. వచ్చేటప్పుడు మందుల షాపులో చుక్కల మందు అడిగితే ఒక సీసా ఇచ్చారు. కన్ను తెరిచి చూడలేదు, ఏం తగిలిందని అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఆ చుక్కలు వేసుకున్నాక నాకు బాగైంది. మూడో రోజు, నాలుగో రోజు ఎరుపు తగ్గింది, మంట తగ్గింది. మా ఆయనతో అన్నాను, చూశావా, ఆసుపత్రికి పోకుండానే తగ్గిందని. అందులో ఉన్నది స్టెరాయిడ్ అని నాకు తెలియదు. అది ఎరుపును, వాపును అణుస్తుంది గానీ లోపల పెరిగే దాన్ని చంపదు. పైగా మన ఒంటికి ఉండే ఎదిరించే శక్తిని కూడా అణుస్తుంది కాబట్టి, లోపల ఉన్నది ఇంకా బాగా పెరుగుతుంది. ఇల్లు కాలుతుంటే పొగ కనపడకుండా దుప్పటి కప్పినట్టు.

ఐదో రోజు పొద్దున మా పెద్దోడు అన్నం తింటూ నా ముఖం చూసి, "అమ్మా, నీ నల్లగుడ్డు మీద మెతుకంత తెల్లగా ఉంది" అన్నాడు. వాడు అప్పుడు ఎనిమిదో తరగతి.

ఆ రోజే కంటి ఆసుపత్రికి పోయాము. డాక్టరు కంట్లో పసుపు రంగు మందు చుక్క వేసి నీలం లైటు కొట్టి చూశారు. గీరుకుపోయిన చోట ఆ రంగు ఆకుపచ్చగా మెరుస్తుందట. మొద్దుబారే చుక్కలు వేసి, ఆ తెల్లమచ్చ మీద కొంచెం గీకి, దాన్ని మైక్రోస్కోపు కింద చూశారు. బూజు అమ్మా అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆవకాయ జాడీలో తడి చెయ్యి పెడితే పైన పడుతుందే, అలాంటి బూజే. వరి ఆకు మీద, గడ్డి మీద, మట్టిలో అది ఉండనే ఉంటుంది. ఆకు కొట్టిన గీత గుండా కంట్లోకి పోయింది.

దెబ్బ తగిలి ఎన్నో రోజు అని అడిగారు. ఐదో రోజు అన్నాను. ఆయన తిట్టలేదు. ఒక సంగతి చెప్పారు, అది మీకు చెప్పాలని ఆ రోజే అనుకున్నా. నేపాల్లో భక్తపూర్ అనే చోట, ఊళ్లలో మనలాంటి మామూలు మనుషులకే కొంచెం నేర్పించి, కన్ను గీరుకున్న వాళ్లను వెంటనే గుర్తించి మూడు రోజులు యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ పెట్టించారట. 18 గంటల లోపల మందు పడ్డ వాళ్లలో ఒక్కరికి కూడా కంట్లో పుండు కాలేదట. అంతకంటే ఆలస్యమైన వాళ్లలో కొందరికి అయిందట. అంటే ఏంటి, ఈ రోజు పొద్దున తగిలితే ఈ రాత్రి లోపలే అన్నమాట. నేను పోయింది ఐదో రోజు. ఈ మాట విని మీరు షాపుకు పోయి ఆయింట్‌మెంట్ కొనుక్కోవద్దు. షాపులో అడిగి వేసుకుంటే ఏమైందో నన్ను చూస్తున్నారు కదా. కన్ను లైటుతో చూసే వాళ్ల దగ్గరికి పోండి, మందు వాళ్లు చెప్తారు.

ఇక మందు సంగతి. నాటామైసిన్ అని పాలలాగా తెల్లటి చుక్కలు. సీసా బాగా ఊపి వెయ్యాలి, లేకపోతే మందు అడుగున ఉండిపోయి పైన తేట మాత్రమే కంట్లో పడుతుంది. మొదట్లో గంటకోసారి వెయ్యాలి. రాత్రి కూడా. గంటకోసారి అంటే నాకు అప్పుడు అంతగా తెలియలేదు, రాత్రి పదింటికి, పదకొండుకి, పన్నెండుకి, ఒంటిగంటకి, రెండింటికి లేచినప్పుడు తెలిసింది. ఫోనులో అలారం పెట్టుకొని సగం రాత్రి మా ఆయన, సగం రాత్రి మా పెద్దోడు లేచేవాళ్లు. వాడు పాత నోటు పుస్తకంలో మన సంఘం హాజరు పట్టీలాగా గీతలు కొట్టి, చుక్క వేసినప్పుడల్లా టిక్కు పెట్టేవాడు. అందులో ఒక్క గడి ఖాళీ లేదు. ఆ పుస్తకం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

చుక్కలు వేసుకోవడం కూడా నేర్చుకోవాలి అక్కా. సబ్బుతో చెయ్యి కడుక్కోవాలి. కింది రెప్ప కొంచెం లాగితే సంచిలాగా వస్తుంది, అందులో ఒక్క చుక్క చాలు. సీసా మూతి కంటికి గానీ, రెప్పకు గానీ, వేలికి గానీ తగలకూడదు. రెండు రకాల మందులుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. ఒకరి సీసా ఇంకొకరు వాడొద్దు. తగ్గినట్టుందని మధ్యలో ఆపొద్దు. నాకు మూడో వారం బాగానే అనిపించింది, ఆపేద్దామా అని అడిగితే డాక్టరు ఒప్పుకోలేదు. మొత్తం రెండున్నర నెలలు పట్టింది.

ఆ రెండున్నర నెలలూ పొయ్యి దగ్గరికి, పొలానికి పోలేదు. మా తోటికోడలు వండిపెట్టింది. వెలుతురు చూడలేక నల్లద్దాలు పెట్టుకొని సంఘం మీటింగుకు పోతే, మా వాళ్లు సినిమా హీరోయిన్ వచ్చిందని నవ్వారు. నేనూ నవ్వాను. పుస్తకాలు రాయలేకపోయా. మా సంఘంలో ఐదో తరగతి చదివిన వదిన ఒకామె, నేను నోటితో చెప్తుంటే తను రాసింది. ఇప్పుడు నాకంటే బాగా రాస్తుంది, నిజం.

పుండు మానింది, మచ్చ ఉండిపోయింది. ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం తెగితే మచ్చ పడ్డా ఏం కాదు. నల్లగుడ్డు మీదున్నది అద్దం లాంటి పొర, అద్దం మీద మచ్చ పడితే అందులోంచి చూపు పోదు. అది మరీ ఎక్కువైతే చనిపోయిన వాళ్లు దానం చేసిన కంటి నుంచి ఆ పొర తీసి మార్చాలి. నాకు అంత అవసరం రాలేదన్నారు. కానీ అలా ఎదురుచూసే వాళ్లను అక్కడ బెంచీ మీద చూశాను. మన ఇళ్లలో ఎవరైనా పోతే ఆరు గంటల లోపల కళ్లు ఇవ్వొచ్చు. కళ్లద్దాలు పెట్టుకున్న వాళ్లవైనా, ముసలివాళ్లవైనా పనికొస్తాయట. ఇది ఇంకో రోజు మాట్లాడుకుందాం.

ఒక కన్ను తగ్గితే ఇంకో కన్నుంది కదా అంటారు. ఉంది. కానీ దూరం తెలియదు. మొదటి నెలలో గ్లాసులో టీ పోస్తే పక్కన పోసేదాన్ని. ఆటో దిగేటప్పుడు నేల ఎక్కడుందో తెలియక కాలు జారింది. సూదిలో దారం ఇంకా మా చిన్నోడే ఎక్కిస్తాడు. ఇప్పుడు టీ పోసేటప్పుడు గిన్నె మూతిని గ్లాసు అంచుకు ఆనించి పోస్తా. మెట్లు దిగేటప్పుడు పాదంతో అంచు తడిమి దిగుతా. రోడ్డు దాటేటప్పుడు తల మొత్తం ఎడమకు తిప్పి చూస్తా. మెల్లగా అలవాటైంది. ఎవరికైనా ఇలా జరిగి ఉంటే సిగ్గుపడకుండా నా దగ్గరికి రండి, చెప్తాను.

ఇప్పుడు ఇంటి సంగతి. పొలంలో తగిలిన దెబ్బ చెప్పాను గానీ, ఇంట్లో ఉన్నవి తక్కువేం కాదు.

అన్నిటికంటే నాకు భయం సున్నం. ఖైనీలో, తమలపాకులో వేసుకునే సున్నం చిన్న ప్యాకెట్లలో వస్తుంది చూడండి, మన మగవాళ్లు, పెద్దమ్మలు ఎక్కడ పడితే అక్కడ పెడతారు. పసిపిల్లలు దాన్ని రెండు చేతులతో నొక్కుతారు. పిట్టున పగిలి సూటిగా కంట్లోకే పోతుంది. యాసిడ్ కంటే సున్నం ఇంకా ఘోరం, లోపలికి తినుకుంటూ పోతుంది. పోయిన ఎండాకాలం మా సంఘం సభ్యురాలి మనవరాలికి, మూడేళ్ల పిల్ల, ఇదే జరిగింది. అంతకు ముందు నెల మీటింగులోనే నేను చెప్పి ఉన్నాను, సున్నం పడితే ఆసుపత్రి కంటే ముందు నీళ్లు అని. ఆమె పిల్లను చంకలో వేసుకొని బోరు పంపు కిందికి ఉరికింది. పిల్ల గింజుకుంటుంటే కోడలు కాళ్లు పట్టుకుంది, ఈమె రెప్పలు రెండూ తెరిచి పట్టి, పై రెప్ప కింద ఉన్న సున్నం ముద్ద తడిబట్టతో తీసి, అరగంట సేపు నీళ్లు పోసింది. తల దెబ్బ తగిలిన కంటి వైపుకు వంచింది, ఎందుకంటే ఆ నీళ్లు బాగున్న కంట్లోకి పోకూడదు. ఆ తర్వాతే ఆటో ఎక్కారు. పిల్ల కన్ను దక్కింది. ఇంట్లో ఎవరో నెయ్యి రాయమన్నారట, ఆమె వినలేదు. ఆమె ఇక్కడే కూర్చుంది, పేరు చెప్పొద్దన్నది, చెప్పను.

బాత్‌రూము కడిగే యాసిడ్, బ్లీచింగ్ పొడి, పత్తికి కొట్టే మందు, ఏది పడ్డా అదే పద్ధతి. ముందు నీళ్లు, చాలాసేపు. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు ఆ డబ్బా కూడా తీసుకుపోండి.

కానీ గుచ్చుకుంటే మాత్రం నీళ్లు పొయ్యొద్దు. చీపురు పుల్ల, సూది, మేకు, కట్టెపేడు, ఏది గుచ్చుకున్నా లాగొద్దు, రుద్దొద్దు, నొక్కి కట్టు కట్టొద్దు. టీ తాగే కాగితం కప్పు కంటి మీద బోర్లించి, అది కంటికి ఆనకుండా చుట్టూ ప్లాస్టర్ వేసి వెంటనే తీసుకుపోవాలి. మన పిల్లలు చీపురు పుల్లలతో విల్లూ బాణాలు చేసుకొని ఆడతారు. మేమూ ఆడాం, మాకేం కాలేదు అంటారు మీరు. ఆడిన వాళ్లలో ఏమైన వాళ్లు ఇక్కడికొచ్చి చెప్పరు కదా. ఇంట్లో బాణం కనపడితే విరిచెయ్యండి, పిల్లలు ఏడిస్తే ఏడవనీయండి.

తాళింపులో ఆవాలు చిటపటమన్నప్పుడు మూత అడ్డం పెట్టుకోండి. మిరపకాయలు తొడిమలు తీసే కూలికి పోయినప్పుడు చేతులు కడుక్కోకుండా కళ్లు తుడుచుకోవద్దు. మిరప మంటకు చూపు పోదు గానీ, ఆ మంటకు మనం రుద్దే రుద్దుడికి గీరుకుపోతుంది. దూడను కట్టేసేటప్పుడు కొమ్ము, తోక రెండూ చూసుకోండి. దీపావళికి చిచ్చుబుడ్డి వెలగలేదని వంగి చూడనివ్వకండి. ఇక కట్టెలు కొట్టేటప్పుడు, కొడవలి సానబట్టేటప్పుడు, వరి కోసేటప్పుడు మామూలు ప్లాస్టిక్ అద్దాలు పెట్టుకోండి. నేను పెట్టుకుంటా. మొదట్లో చెమటకు మసకేసి విసుగు పుట్టింది, ఇప్పుడు అవి లేకుండా గట్టు దాటను. కొందరు కంటి వెలుగులో ఇచ్చిన కళ్లద్దాలు ఉన్నాయి కదా అంటున్నారు. 2023 జనవరిలో మన ఖమ్మంలోనే మొదలుపెట్టారు రెండో విడత, మంచి కార్యక్రమం, మా అత్తమ్మ ఆ అద్దాలతోనే ఇప్పుడు బియ్యంలో రాళ్లు ఏరుతుంది. కానీ అవి దగ్గరి చూపు అద్దాలు, పొలంలో పెట్టుకుంటే దారే తెలియదు.

ఇంకో చిన్న పని. నెలకోసారి మీటింగు రోజు ఒక కన్ను చేత్తో మూసి గోడ మీద క్యాలెండరు చూడండి, తర్వాత ఇంకో కన్ను. రెండూ తెరిచి చూస్తే ఒకటి తగ్గింది మనకు తెలియదు. మా సంఘంలో ఇలా చూస్తే ఒక అక్కకు శుక్లం బయటపడింది.

కన్ను నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, మసక, నల్లగుడ్డు మీద తెల్లచుక్క, వీటిలో ఏది ఉన్నా అదే రోజు పోవాలి. డబ్బు లేదంటారేమో. ప్రభుత్వ పెద్దాసుపత్రిలో కంటి డాక్టరు ఉంటారు. హైదరాబాద్‌లో మెహదీపట్నం దగ్గర సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ప్రభుత్వానిదే.

డబ్బు అన్నాను కాబట్టి ఇప్పుడు అసలు మాటకొస్తా. ఆ మొదటి రోజు నేను ఎందుకు పోలేదో నిజం చెప్తాను. కోత ఒక కారణం, బ్యాంకు ఒక కారణం. మూడోది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చేతిలో డబ్బు లేదు. సంఘంలో అడగాలంటే మీటింగు ఇంకా తొమ్మిది రోజులుంది. మధ్యలో అడిగితే, లీడరే కదా, సొంతానికి వాడుకుంటుంది అంటారని భయపడ్డా. వేరే సంఘంలో ఒక లీడరు మీద అలాంటి మాట వచ్చింది, అది నా చెవిలో ఉంది. మాట పడకూడదని కన్ను పోగొట్టుకున్నా. ఇంకా సిగ్గైన సంగతి, అంతకు ముందు నెలలో మా సంఘంలో ఒకామె కన్ను వాచిందని మీటింగుకు రాకపోతే నేనే పది రూపాయలు జరిమానా రాశాను. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ పది రూపాయలు నా చేతి నుంచి ఆమెకు ఇచ్చా. ఆమె తీసుకోలేదు.

అందుకని మా గ్రామ సంఘం తరఫున ఒక తీర్మానం పెడుతున్నాం. కంటికి దెబ్బ తగిలినా, పాము కరిచినా, కాన్పు కష్టమైనా, మీటింగు కోసం ఆగకుండా ఇద్దరు లీడర్ల మాట మీద అదే రోజు 2000 రూపాయలు ఆరోగ్య నిధి నుంచి ఇవ్వాలి. లీడరుకే అవసరమైతే మిగతా లీడరు, ఇంకో సభ్యురాలు కలిసి ఇవ్వాలి. వచ్చే మీటింగులో రసీదులు చూపించి పుస్తకంలో రాయించాలి. ముందు డబ్బు, తర్వాత తీర్మానం అంటే ఆడిట్లో ఇబ్బంది అవుతుందని పొద్దున అకౌంటెంటు మేడం అన్నారు. ఆమె మాట నిజమే, పుస్తకాలు రాసినదాన్ని నాకూ తెలుసు. ఆ ఇబ్బంది లేకుండా ఎలా రాయాలో మేడమే చెప్పాలి, మేము అలాగే రాస్తాం. మా సంఘంలో పదకొండు నెలలుగా ఇలా మా పొదుపు డబ్బుతో నడుపుతున్నాం. నలుగురికి ఇచ్చాం, నలుగురూ కట్టారు. ఆ సున్నం పడ్డ పిల్ల ఆటో కిరాయి, మందులు అందులోవే.

తీర్మానం కాగితం మా వీవోఏ చేతిలో ఉంది. ఒప్పుకునే సంఘాల లీడర్లు భోజనాలకు లేవకముందే సంతకం పెట్టండి. చుక్కల మందు ఎలా వేసుకోవాలో చూడాలనుకునేవాళ్లు భోజనాలయ్యాక వేపచెట్టు కిందికి రండి, ఖాళీ సీసాలో నీళ్లు పోసి తెచ్చాను, ఒకరికొకరు వేసి నేర్చుకుందాం.